మొరాయించే మోటారు కోసం చిన్నలంక దాకా

రాజమండ్రిలో నాకు పంపుసెట్లు, బోటు మోటార్ల విడిభాగాల షాపు ఉంది. కౌంటరు వెనక కూర్చుని సామాను ఇవ్వడమే గాని, సామాను వెంట ప్రయాణం కట్టడం నాకు అలవాటు లేదు. ఈ డిసెంబరులో ఆ పని చేశాను. నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదావరి మధ్యలో ఉన్న చిన్నలంకకి వెళ్ళి ఒక రాత్రి ఉండి వచ్చాను. అటు వెళ్దామనుకునేవాళ్ళకి దారీ తెన్నూ చెప్పినట్టు ఉంటుంది, నేను చూసినదీ చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను.

ప్రయాణానికి కారణం ఒక ఫోను. చిన్నలంకలో రాంబాబు, నాగమణి అనే భార్యాభర్తలు ఫైబరు బోటు ఒకటి నడుపుతారు. లంకకి వంతెన లేదు. బడి పంతులు, పాల క్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు, జబ్బుపడ్డవాళ్ళు, అందరూ ఆ బోటు మీదే అవతలి గట్టుకి చేరాలి. బోటు వెనక తగిలించే పెట్రోలు మోటారు కొన్ని నెలలుగా సరిగ్గా నడవడం లేదు. నాగమణి నాకు ఫోను చేయడం, నేను బస్సు పార్సిల్లో ప్లగ్గులు పంపడం, ఓసారి కార్బురేటరు కిట్టు, ఇంకోసారి పెట్రోలు గొట్టానికుండే రబ్బరు బల్బు పంపడం, "రెండు రోజులు బాగుందండి, మళ్ళీ మొదలెట్టింది" అని ఆవిడ చెప్పడం. మేము ఒకరినొకరం చూసుకున్నది లేదు.

ఆ రోజు ఫోను వచ్చినప్పుడు "ఏంటమ్మా, ఈసారి ఏం పంపమంటావు?" అన్నాను.

"ఏం వద్దండి. మోటారు ఎవరికైనా అమ్మిపెడతారేమోనని చేశాను."

"అంత కష్టం ఏమొచ్చింది?"

నాగమణి గొంతు తగ్గించి చెప్పింది. "మా ఊళ్ళో అనసూయ దొడ్డమ్మ అని ఉందండి. కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు నరసాపురం తీసికెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఆవిడ ఎక్కినప్పుడే మోటారు ఆగిపోతోందని ఊళ్ళో మొదలెట్టారండి. భర్త పోయిన మనిషి, ఆవిడ మొహం మంచిది కాదంటన్నారు. ఇంకో బోటువాళ్ళు ఆవిడ్ని ఎక్కించుకోటం మానేశారు. ఆ మాటలు విని మొన్న ఆవిడే రానని కూర్చుంది. ఒక వాయిదా పోయిందండి."

"ఊళ్ళోవాళ్ళ మాటకేం గాని, నిజంగా ఆవిడ ఎక్కినప్పుడే ఆగుతోందా?"

"నిజమేనండి," అంది నాగమణి. "అదే భయంగా ఉంది."

ఇంటికి వెళ్ళి ఈ సంగతి మా ఆవిడ సరోజకి చెప్పాను. మామూలుగా అయితే నా ప్రయాణాలకి అడ్డుపడే మనిషి. ఈసారి చెయ్యి కడుక్కుంటూ "ఇంకో వాయిదా కూడా పోతే ఆవిడ బతుకుతుందా?" అని అడిగింది. తెలియదన్నాను. "మరి రేపే వెళ్ళండి" అని, సంచిలో స్వెట్టరు పెట్టింది.

పొద్దున్నే నరసాపురం వెళ్ళే రైలు ఎక్కాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు కిటికీ పక్కన చోటు చూసుకోవాలి. బ్రిడ్జి దాటేటప్పుడు గోదావరి మీద మంచు ఇంకా లేవలేదు. కొవ్వూరు దాటాక ఎండ వచ్చింది. నిడదవోలులో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద వేడి ఇడ్లీలు ఆకులో కట్టి ఇస్తున్నారు, అల్లప్పచ్చడి వేసి. రైల్లో వచ్చే టిఫిన్ల కంటే ఇవే నయం. తణుకు దాటిన దగ్గర్నుంచి రెండు పక్కలా కోతలే. కొన్ని చేలల్లో పనలు, కొన్నిచోట్ల మిషన్లు, పట్టాల వెంట బరకాల మీద ఆరబోసిన ధాన్యం.

భీమవరంలో నా ఎదురుగా ఒక రొయ్యల రైతు వచ్చి కూర్చున్నాడు. నా కాళ్ళ దగ్గరున్న సంచిలో పానాలు గలగలమనడం విని "ఏం మెకానిజం అండి?" అని అడిగాడు. చెప్పాను, అనసూయమ్మ గారి సంగతి తప్ప.

"పొద్దున్న పూటే ఆగుతోందా అండి?"

"పొద్దున్నే."

"అయితే పెట్రోల్లో నీళ్ళేనండి. ఇప్పుడొచ్చే పెట్రోలు చెమ్మ లాగేస్తోంది. మంచు రోజులు కదా. మా చెరువు దగ్గర ఇంజను కూడా ఇలాగే ఏడిపించింది," అని తేల్చేశాడు.

నేను అనుకున్నదీ అదే. డయాలసిస్‌కి తెల్లవారుతూనే బయల్దేరాలి. మంచులో చల్లబడ్డ మోటారు, చెమ్మ పట్టిన పెట్రోలు. అదే వేళకి ఆ పెద్దావిడ ఎక్కుతోంది కాబట్టి నింద ఆవిడ మీద పడింది. పాలకొల్లు వచ్చేసరికి నా మనసులో మోటారు బాగైపోయింది కూడా.

నరసాపురం స్టేషను బయట ఒక మెస్సులో భోజనం చేశాను. దోసకాయ పప్పు, వంకాయ కొత్తిమీర కారం, గడ్డపెరుగు. లంకలో హోటళ్ళు లేవు కాబట్టి వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినడం మంచిది. అక్కడి నుంచి షేరాటోలో ఏటిగట్టు మీదుగా దిగువకి వెళ్ళాను. ఒక పక్క కొబ్బరితోటలు, ఇంకో పక్క ఏరు. రేవంటే పెద్దగా ఏమీ లేదు. గట్టు నుంచి కిందకి నాలుగు మెట్లు, ఒక రేకుల పాక, రెండు బోట్లు.

"శేషగిరి గారాండి?" అంటూ ఒకతను ఎదురొచ్చాడు. అతనే రాంబాబు. ఫోన్లో వినడమే గాని చూడలేదు కాబట్టి ఇంకా పెద్దవాడనుకున్నాను. నలభై లోపే ఉంటాయి. బోటులో మోటారు దగ్గర నాగమణి నించుని ఉంది. తలకి తువ్వాలు, చీర మీద మగవాళ్ళ చొక్కా. నమస్కారం పెట్టి, తాడు లాగి మోటారు స్టార్ట్ చేసింది.

నన్నొక్కణ్ణే ఎక్కించుకుని బయల్దేరారు. మోటారు చక్కగా, ఒకే శ్రుతిలో నడిచింది. రేజు పెంచి వేగంగా పోనిచ్చినా తడబాటు లేదు. ఇరవై నిమిషాల్లో లంక ఒడ్డుకి చేరాం.

"చూశారాండి? ఇలా నటిస్తుందండి," అన్నాడు రాంబాబు.

చిన్నలంక మొత్తం నడిచి చూడటానికి ఎక్కువసేపు పట్టదు. ఇసక బాటలు, కొబ్బరిచెట్లు, కూరగాయల మడులు. ఏటి పక్క మట్టి కోసుకుపోయిన చోట చెట్ల వేళ్ళు బయటికి వేలాడుతున్నాయి. సముద్రం కనపడదు గాని, గాలి దిగువ నుంచి వీచినప్పుడు హోరు వినిపిస్తుంది. ఇక్కడి ఏటికి పోటూ పాటూ ఉన్నాయి. పోటు సమయంలో సముద్రపు నీళ్ళు ఎగదన్నుతాయి, పాటు సమయంలో ఏరు మొత్తం సముద్రంలోకి లాగేస్తుంది. మోటారు లేని బోటు పాటులో పడితే ఎటుపోతుందో చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. పెట్రోలు ట్యాంకు బోటు మధ్యలో, అడ్డబల్ల కింద ఉంది. మూతకి గాలి పోయే మర చూశాను, తెరిచే ఉంది. ప్లగ్గులు విప్పితే తెల్లగా ఎండినట్టు ఉన్నాయి. అంటే మోటారుకి అందాల్సినంత పెట్రోలు అందడం లేదు. ఫిల్టరు గిన్నె విప్పి గాజు గ్లాసులోకి వంపితే అడుగున నీటిబొట్లు గోళీల్లాగా దొర్లాయి.

"ఇదిగోనయ్యా మీ దెయ్యం!" అన్నాను.

రాంబాబు గ్లాసు తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. నాగమణి కూడా వచ్చి చూసింది. ఇద్దరి మొహాల్లోనూ సంతోషం కనపడింది. ట్యాంకు కడిగి ఆరబెట్టి, కొత్త పెట్రోలు, ఆయిలు కలిపి పోశాం. ప్లగ్గులు మార్చాం. ముగ్గురం బోటెక్కి, ఏటిలో పైకీ కిందకీ పూర్తి రేజులో తిప్పాం. ఎక్కడా మిస్సవలేదు. నా ప్రయాణం ఫలించిందని నాలో నేనే పొంగిపోయాను.

పొద్దువాలుతుండగా నాగమణి నన్ను అనసూయమ్మ గారింటికి తీసుకెళ్ళింది. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక ఇల్లు. కొట్టు తలుపులు వేసి ఉన్నాయి. ఆవిడ వెనక వసారాలో గోడకి దిండు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అరవై దాటి ఉంటాయి, మనిషి కాస్త లావు. పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవడానికి ఆగుతున్నారు.

"దొడ్డమ్మా, రాజమండ్రి నుంచి మోటారు షాపు ఆయన వచ్చారు. బాగుచేసేశారు. రేపు వెళ్దాం," అంది నాగమణి.

"మీరు వెళ్ళండే. నా వల్ల మీ బోటు మూతపడకూడదు," అన్నారావిడ. తర్వాత నావైపు తిరిగి "ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ నా కొట్లో ఉప్పే బాబూ. పెళ్ళికైనా, పురుడికైనా తెల్లారకముందే వచ్చి నన్నే లేపేవాళ్ళు. ఇప్పుడు పొద్దున్నే నేను ఎదురైతే మొహం తిప్పుకుని పోతన్నారు. మోటారు ఎందుకాగుతోందో నాకు తెలీదు గాని, ఆగిన ప్రతిసారీ అందరి కళ్ళూ నా మీదే. అది భరించడం కంటే..." అని ఆపేశారు.

"ఆగడానికి కారణం దొరికిందమ్మా. పెట్రోల్లో నీళ్ళు. నా కళ్ళతో చూశాను. రేపు నేనూ మీతో పాటే ఎక్కుతాను," అన్నాను.

ఆవిడ నావైపు చూశారు. "మీకు నమ్మకమేనా?"

"నమ్మకమే."

"అయితే వస్తాను."

రాత్రి రాంబాబు వాళ్ళింట్లోనే చేపల పులుసుతో అన్నం తిని, వాళ్ళ వసారాలో నులకమంచం మీద పడుకున్నాను. లంకలో లాడ్జీలు ఉండవు, తెలిసినవాళ్ళ ఇల్లే దిక్కు.

తెల్లారేసరికి అవతలి గట్టు కనపడనంత మంచు. రేవులో కూరల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు నించుని ఉన్నారు. నాగమణి భుజం పట్టుకుని నెమ్మదిగా నడిచి వస్తున్న అనసూయమ్మ గారిని చూడగానే ఒకావిడ రెండో ఆవిడ చెయ్యి గిల్లింది. "మేం తర్వాత ట్రిప్పుకి వస్తాంలే మణీ," అని బుట్టలు ఎత్తుకుని పక్కకి వెళ్ళిపోయారు. అనసూయమ్మ గారు వాళ్ళని చూడనట్టే మెట్లు దిగారు.

ఎక్కినవాడు ఒక్కడే, సత్తిబాబు అనే కొబ్బరికాయల వ్యాపారి. అవతల లారీ కాచుకుని ఉండటం వల్ల అతనికి తప్పలేదు. బస్తాలు మధ్యలో సర్దించాడు. అందరం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. బోటు మధ్యలో నేల బల్లల మీద అనసూయమ్మ గారి కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తాళ్ళతో కట్టి ఉంది. ఆవిడ అందులో కూర్చున్నారు. నేను మోటారుకి దగ్గరగా కూర్చున్నాను.

ఒడ్డు దాటేదాకా మెల్లగా బాగానే వెళ్ళింది. ఏటి మధ్యకి వచ్చాక రాంబాబు రేజు పెంచాడు. కాసేపు బాగుంది. తర్వాత ఒక్కసారి తుమ్మినట్టు అయింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ తుమ్మింది. బోటు ముందుకీ వెనక్కీ ఊగింది. "వద్దు, వద్దు" అని రాంబాబు మోటారుని బతిమాలుతున్నాడు. రెండు నిమిషాలు అలా కొట్టుకుని, ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో దిగువ నుంచి సముద్రపు హోరు వినపడింది. పాటు మొదలైంది. నీళ్ళు బోటుని పక్కకి తిప్పి లాక్కుపోతున్నాయి. సత్తిబాబు "చెప్తే విన్నారా!" అని గొణిగాడు. నేను అనసూయమ్మ గారి వైపు చూశాను. ఎందుకు చూశానో అప్పుడు నాకే తెలియదు. ఆవిడ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఉన్నారు.

రాంబాబు తాడు లాగుతున్నాడు, అందుకోవడం లేదు. నాగమణి మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టానికి ఉన్న రబ్బరు బల్బు నొక్కుతోంది. ట్యాంకులోంచి పెట్రోలు లాగి మోటారుకి పంపేది ఆ బల్బే. మామూలుగా నొక్కి వదిలితే నిండి గట్టిపడాలి. అది ఎండిన నిమ్మకాయలా ముడుచుకుపోయి ఉంది.

"నిండట్లేదండి! ఎంత నొక్కినా అలాగే ఉంటోంది!" అంది నాకేసి చూస్తూ.

ట్యాంకు మూత తీసి చూశాను. నిండా పెట్రోలు ఉంది. పైకి నీళ్ళూ లేవు, చెత్తా లేదు.

రాంబాబు మోటారు వదిలి తెడ్డు అందుకున్నాడు. "వెనక నించుని తెడ్డు వేస్తాను. అందరూ ముందుకి వెళ్ళండి. మధ్యలో ఉంటే నాకు తిరగదు. సత్తిబాబు గారూ, ఆ బస్తాలు కూడా ముందుకి తోయండి!"

సత్తిబాబు, నేను బస్తాలు ముందుకి తోశాం. తర్వాత చెరో చెయ్యీ పట్టుకుని అనసూయమ్మ గారిని కుర్చీలోంచి లేపి ముందుకి నడిపించాం. ఆవిడ ముందున్న పీట మీద కూర్చున్నారో లేదో, వెనక నుంచి నాగమణి కేక వేసింది.

"నిండిందండి! బల్బు నిండింది!"

వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ చేతిలో బల్బు గుండ్రంగా ఉబ్బి ఉంది. నొక్కింది, మళ్ళీ నిండింది. నేను పాకుతున్నట్టుగా మధ్యకి వెళ్ళి, ట్యాంకు దగ్గర్నుంచి గొట్టం వెంట చెయ్యి పోనిచ్చాను. గొట్టం కొంతదూరం పైన వచ్చి, కుర్చీ కట్టిన బల్ల కిందకి దూరింది. ఖాళీ కుర్చీ పక్కన మోకాలు పెట్టి నా బరువంతా ఆ బల్ల మీద మోపాను.

"ముడుచుకుపోతోందండి!"

లేచాను.

"నిండుతోంది!"

ఇంకోసారి మోపాను. ఇంకోసారి అదే జరిగింది. సత్తిబాబు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"రాంబాబూ, తెడ్డు వదిలెయ్. స్టార్ట్ చెయ్. మధ్య బల్ల మీద ఎవరూ కాలు పెట్టకండి," అన్నాను.

రెండో లాగుకి మోటారు అందుకుంది. పూర్తి రేజు ఇచ్చినా తడబడలేదు. అప్పటికి దిగువకి కొట్టుకొచ్చేశాం. రేవు పాక మంచులో ఎక్కడో ఎగువన చుక్కలా కనపడింది. బోటు ముక్కు ఎగువకి తిరిగి, పాటుకి ఎదురు వెళ్ళడం మొదలుపెట్టాక గాని నేను ఊపిరి పీల్చుకోలేదు.

ముందుకి వెళ్ళి అనసూయమ్మ గారి దగ్గర కూర్చుని చెప్పాను. "అమ్మా, పెట్రోలు గొట్టం మీ కుర్చీ బల్ల కింద నలిగిపోతోంది. బరువు పడితే పెట్రోలు ఆగిపోతుంది. మెల్లగా వెళ్తే కొద్దిగా వచ్చినా సరిపోతుంది, రేజు పెంచితే చాలదు. నేను నిన్న నీళ్ళన్నాను, అది కాదు. ఇది."

ఆవిడ కొంగు తీసి నన్ను చూశారు. "నేను కూర్చుంటే నలుగుతోందా?"

"మీరు కూర్చున్నా, బస్తాలు పెట్టినా, నేను మోకాలు వేసినా."

ఆవిడ ఊపిరి కూడదీసుకున్నారు. "అయితే నా బరువు బాబూ. నా రాత కాదు," అని, నవ్వబోయి ఏడ్చేశారు. నాగమణి బల్బు వదిలి రాలేక, వెనక నుంచే "దొడ్డమ్మా, దొడ్డమ్మా" అంటోంది.

రేవులో సత్తిబాబు ముందు దిగాడు. లారీవాడు కేకలేస్తున్నా అటు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి "చెయ్యి ఇలా ఇయ్యండి పెద్దమ్మా" అని, ఆవిడ్ని మెట్లన్నీ ఎక్కించి ఆటో దాకా తీసుకెళ్ళాడు.

ఆస్పత్రికి ఆలస్యంగానే చేరారు. కాసేపు కాచుకోమని, తర్వాత మంచం ఇచ్చారు. నాగమణి ఆవిడ దగ్గర ఉండిపోయింది. నేను, రాంబాబు నరసాపురం బజారులో క్లిప్పులు, మంచి గొట్టం కొనుక్కుని రేవుకి తిరిగి వచ్చాం.

బల్ల ఊడదీశాం. కింద బోటు అడ్డుపట్టీ ఉంది. ఆ పట్టీకీ బల్లకీ మధ్య గొట్టం నలిగి పలచగా అయిపోయింది. బల్ల కూడా కొత్తలో గట్టిగా ఉండేదిట, నానినానీ మధ్యలో కుంగింది. అందుకే రోజులు గడిచేకొద్దీ ఎక్కువైంది. కుర్చీ కట్టి ఉండటంతో ఆ బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు, బస్తాలూ పెట్టేవారు కాదు. తిరుగు ప్రయాణంలో ఎందుకు ఆగేది కాదని అడిగాను.

"డయాలసిస్ అయ్యాక ఆవిడకి కూర్చునే ఓపిక ఉండదండి. బోటు ముందు వైపు చాప వేసి పడుకోబెడతాం," అన్నాడు రాంబాబు.

"గొట్టం బల్ల కిందకి ఎవరు పెట్టారు?"

అతను ఊడదీసిన బల్లని చేతిలోకి తీసుకున్నాడు. "నేనేనండి. ఇదివరకు పైనే ఉండేది. ఒకరోజు ఆవిడ నీరసంగా దిగబోతూ గొట్టం కాలికి తగిలి పడిపోయిందండి. మణికట్టు విరిగింది. నా బోటులో ఆవిడ మళ్ళీ పడకూడదని గొట్టం కిందకి దాచేశాను. కూర్చోడానికి కుర్చీ కూడా అప్పుడే కట్టాను." బల్ల చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఆవిడ కోసమే చేశానండి. అదే ఆవిడకి ఇంత మాట తెచ్చింది."

"నువ్వు చేసింది మంచిపనే రాంబాబూ. గొట్టం ఇంకో దారిన తీసుకెళ్దాం, అంతే," అన్నాను.

కొత్త గొట్టాన్ని బోటు లోపలి అంచు వెంట, ఎవరి కాలికీ తగలకుండా, ఏ బరువూ పడకుండా క్లిప్పులతో బిగించాం. కుంగిన బల్ల కింద చెక్క ముక్క దన్ను పెట్టాం. పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆస్పత్రి నుంచి అనసూయమ్మ గారు వచ్చారు. మొహంలో కాస్త తేట వచ్చింది గాని బాగా నీరసంగా ఉన్నారు. నాగమణి ముందు చాప పరవబోతే వద్దన్నారు.

"ఆ కుర్చీలోనే కూర్చుంటాను."

"కూర్చోలేవు దొడ్డమ్మా."

"నువ్వు పట్టుకో. ఇవాళ అందులోనే కూర్చోవాలి."

పొద్దున్న ఎక్కని ఇద్దరు ఆడవాళ్ళూ తర్వాతి బోటులో వచ్చి, కూరలు అమ్ముకుని ఖాళీ బుట్టలతో రేవులో ఉన్నారు. సత్తిబాబు వాళ్ళకి ముందే చెప్పేసినట్టున్నాడు. ఒకావిడ ఎక్కి, అనసూయమ్మ గారికి దగ్గరగానే కూర్చుంది. రెండో ఆవిడ మోటారునీ కుర్చీనీ మార్చి మార్చి చూసి, వెనక కూర్చుంది. ఇంకా నలుగురైదుగురు ఎక్కారు, రెండు బియ్యం బస్తాలు కూడా. బస్తాలు నేనే అడిగి ఆ కుర్చీ బల్ల మీదే పెట్టించాను.

రాంబాబు ఏటి మధ్యలో పూర్తి రేజు ఇచ్చాడు. అందరూ మోటారు చప్పుడే వింటున్నారు. నాగమణి ఒక చేత్తో ఆవిడ భుజం పట్టుకుని ఉంది, రెండో చెయ్యి అలవాటుగా బల్బు మీద ఉంది. మోటారు ఒక్క తుమ్మైనా లేకుండా లంక రేవు దాకా తీసుకెళ్ళింది.

ఒడ్డున దిగాక వెనక కూర్చున్న ఆవిడ "ఇవాళ మంచిరోజు లే, అందుకే నడిచింది" అంది ఎవరితోనో. అనసూయమ్మ గారు విన్నారు. "ఎల్లుండి కూడా ఎక్కు మంగా, చూద్దువు గాని," అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మంగ కూడా కొంచెం ఆలస్యంగా నవ్వింది.

సాయంత్రం రైలుకి నేను వెళ్ళిపోవాలి. రాంబాబు బోటు తిప్పుతుంటే అనసూయమ్మ గారు నన్ను ఆగమన్నారు. నాగమణిని పంపి కొట్టు తలుపులు తెరిపించి, ఉప్పు బిస్కట్ల పొట్లం ఒకటి తెప్పించారు. "దారిలో తినండి బాబూ. మీ ఇంట్లో ఆవిడకి నా పేరు చెప్పండి," అన్నారు.

నరసాపురంలో బండి చీకటి పడే వేళకి కదిలింది. సాయంత్రం పూట రద్దీ తక్కువ, కిటికీ పక్కన తేలిగ్గా చోటు దొరుకుతుంది. పాలకొల్లు దాటాక సరోజ ఫోను చేసింది. ముందు మోటారు సంగతి అడగలేదు. "ఆవిడకి డయాలసిస్ అయిందా?" అంది. అయిందన్నాను. తర్వాత అంతా చెప్పాను. విని "ఇన్ని నెలలు ఆవిడ ఎలా ఓర్చుకుందో," అంది.

నేనూ అదే ఆలోచిస్తున్నాను. చిన్నలంక మనుషులు చెడ్డవాళ్ళని నాకు అనిపించలేదు. నాకు తెలియని ఇళ్ళలో కూడా పిలిచి మంచినీళ్ళిచ్చారు. ఆవిడ ఎక్కితే మోటారు ఆగుతోందని వాళ్ళు అన్నది కూడా అబద్ధం కాదు. ఏటి మధ్యలో భయం వేసినప్పుడు నేనూ అందరిలాగే ఆవిడ వైపే చూశాను. ఎవరైనా ఒక్కసారి ఆవిడ కుర్చీ కిందకి చూసి ఉంటే నెలల కిందటే తేలిపోయేది.

తణుకు దగ్గర ఆకలేసి బిస్కట్ల పొట్లం విప్పాను. కొట్టు చాలారోజులు మూసి ఉండటం వల్ల కాబోలు, మెత్తబడిపోయి ఉన్నాయి. రాజమండ్రి చేరేలోగా ఒక్కటి కూడా మిగల్చకుండా తిన్నాను.